మైనంతో మొదలయ్యే లోహవిద్య

రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం 1875 నాటిది. రాజ్‌నాంద్‌గావ్‌ను ఏలిన మహంత్ ఘాసీదాస్ దాన్ని నెలకొల్పారు. అక్కడ చూడాల్సిన వాటిలో మొదటివి సిర్పూర్ కంచు విగ్రహాలు. ఒకప్పుడు దక్షిణ కోసల రాజధానిగా వెలిగిన సిర్పూర్ ఇప్పుడు మహానది ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడి బౌద్ధ విహారాల కోసం పన్నెండు వందల ఏళ్ల కిందట పోతపోసిన బోధిసత్వుల విగ్రహాలు కొన్ని ఈ మ్యూజియంలో ఉన్నాయి. అదే ఊరి తార విగ్రహం ఒకటి లాస్ ఏంజెలిస్ మ్యూజియానికి చేరింది.

ఇదే రాయ్‌పూర్‌లో, పండ్రీలోని ఛత్తీస్‌గఢ్ హాట్‌లో బస్తర్ ఇత్తడి బొమ్మలు దొరుకుతాయి. ఏనుగు మీద కూర్చున్న దంతేశ్వరి, కొమ్ముల తలపాగా పెట్టుకున్న మాడియా గిరిజన జంట, జానపద ప్రేమికులు ఝిట్కు, మిట్కీ. మ్యూజియంలో ఉన్నదాన్ని శిల్పం అంటున్నాం. హాట్‌లో ఉన్నదాన్ని హస్తకళ అంటూ బేరమాడుతున్నాం. రెండింటి వెనుకా ఉన్నది ఒకటే విద్య. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి కప్పి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం నింపే విద్య అది. దీన్ని డోక్రా అంటారు. రాయ్‌పూర్‌కు దక్షిణంగా కేశ్‌కాల్ ఘాట్ దాటాక బస్తర్‌లో వచ్చే కొండగావ్ చుట్టుపక్కల ఘడవా కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి. వాళ్ల చేతుల్లో ఉన్నది కళ ఒక్కటే కాదు. అది పదార్థ విజ్ఞానం, అది ఆవిష్కరణ కూడా. ఆ గౌరవం వాళ్లకు ఇంకా పూర్తిగా దక్కలేదు.

పని ఎలా సాగుతుంది

బొమ్మ ముందుగా మట్టిలో రూపుదిద్దుకుంటుంది. పొలం మట్టిలో ఊక కలిపి పిసికి, తయారు కావలసిన బొమ్మ కంటే కాస్త సన్నగా ఒక దిమ్మ చేస్తారు. దాన్ని ఆరబెట్టి నునుపు చేస్తారు. చిక్కుడు ఆకులతో రుద్దితే ఆ పసరు మట్టి రేణువులను పట్టి ఉంచుతుంది, దాని మీద మైనం చక్కగా అంటుకుంటుంది. ఈ దిమ్మ వల్ల బొమ్మ లోపల బోలుగా వస్తుంది, లోహం ఆదా అవుతుంది.

తరువాత మైనం. అడవిలో దొరికే తేనెమైనాన్ని కరిగించి, వడకట్టి, సాల చెట్టు గుగ్గిలం కలుపుతారు. మైనం ఒక్కటే అయితే ఎండకు మెత్తబడుతుంది, గుగ్గిలం దానికి బిగువునిస్తుంది. ఆ ముద్దను మన జంతికల గొట్టం లాంటి చెక్క పరికరంలో పెట్టి నొక్కితే సన్నని దారాలు దిగుతాయి. ఆ దారాలను మట్టి దిమ్మ చుట్టూ ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా చుడతారు. వాటి మీదే కళ్లు, ముక్కు, కంటెలు, కడియాలు, జడలు, చీర అంచులు అన్నీ మైనంతోనే అమరుస్తారు. డోక్రా బొమ్మ ఒంటి మీద కనిపించే చారల అందం ఈ దారాలదే. అంటే మనం ఇత్తడిలో చూస్తున్నది మైనం మీద తిరిగిన వేళ్ల జాడ.

మూడో దశలో మళ్లీ మట్టి. ఈసారి మట్టి పొరల వరుసలో ఒక లెక్క ఉంది. మొదటి పొరకు వస్త్రగాళితం పట్టిన మెత్తని మట్టి, బొగ్గు పొడి, పేడ కలిపి పలచగా పూస్తారు. మైనపు దారం మీది ప్రతి గీతనూ పట్టుకోవాల్సింది ఈ పొరే. అది ఆరాక పుట్టమన్ను, ఊక కలిపిన ముతక మట్టిని మందంగా మెత్తుతారు. మైనం పోవడానికీ లోహం రావడానికీ ఒక దారి వదులుతారు.

చివరిది కొలిమి. ఇత్తడి ముక్కలను మట్టి మూసలో వేసి, ఆ మూసను అచ్చు నోటికే అతికి, మొత్తాన్ని మట్టితో మూసేయడం బస్తర్‌లో ఉన్న ఒక పద్ధతి. మూస కిందికి, అచ్చు పైకి ఉండేలా బట్టీలో పెడతారు. వేడికి అచ్చులోని మైనం కరిగి మట్టిలోకి ఇంకి కాలిపోతుంది. మూసలో ఇత్తడి నీరవుతుంది. మంట రంగు చూసి, ముఖ్యంగా అందులో పచ్చని ఛాయ తోచినప్పుడు, అదును వచ్చిందని గుర్తిస్తారు. అప్పుడు పట్టుకారుతో అచ్చును తీసి తలకిందులు చేస్తారు. లోహం మైనం వదిలిన దారుల్లోకి జారుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టి, ఆకురాయితో రుద్ది, మెరుగు పెడతారు.

అచ్చు పగిలితేనే బొమ్మ బయటకు వస్తుంది. కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ. ఘడవా ఇంట్లో అచ్చం ఒకే రకమైన రెండు బొమ్మలు ఉండవు.

ఎందుకు అలా చేస్తారు

ఇందులో ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ఊకనే తీసుకోండి. కొలిమి వేడికి ఊక కాలిపోయి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. కరిగిన లోహం లోపలికి దూకేటప్పుడు అచ్చులోని గాలీ ఆవిర్లూ ఆ రంధ్రాల గుండా బయటికి పోతాయి. అవి లేకపోతే గాలి లోపలే చిక్కి బొమ్మకు బొక్కలు పడతాయి, లేదా అచ్చే పగిలిపోతుంది. పుట్టమన్నును చెదలు ముందే జల్లించి పెట్టినట్టే, అందులో రేణువు సన్నం, పట్టు ఎక్కువ. బొగ్గు పొడి లోహం పక్కన ఉన్న ప్రాణవాయువును మింగేస్తుంది. దానివల్ల బొమ్మ ఉపరితలం మాడకుండా వస్తుంది.

మూసను అచ్చుకు అతికి మూసేయడంలో ఉన్న తెలివి మరీ లోతైనది. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసిన మిశ్రమం. అది కరగడానికి సుమారు 900 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ కావాలి. జింక్ 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. తెరిచిన మూసలో ఎక్కువసేపు కాస్తే జింక్ తగ్గి లోహం గుణమే మారిపోతుంది. మూతపడిన మూసలో ఆ నష్టం తక్కువ. పైగా పోసేటప్పుడు లోహానికి బయటి గాలి తగలదు, మధ్యలో చల్లారే ప్రమాదమూ ఉండదు. థర్మామీటర్ లేని చోట ఈ సంగతులన్నీ మంట రంగు చూసే కంటికీ, మట్టి పిసికే చేతికీ తెలుసు.

లోహం ఎంత కావాలో కూడా మైనమే చెబుతుంది. తేనెమైనం నీటి కంటే కాస్త తేలిక, ఇత్తడి నీటి కంటే ఎనిమిదిన్నర రెట్లు బరువు. కాబట్టి వాడిన మైనం తూచి, దానికి సుమారు తొమ్మిది రెట్లు లోహం తీసుకుంటే సరిపోతుంది. ఈ లెక్క కొత్తదేమీ కాదు. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేరున 12వ శతాబ్దంలో వెలసిన మానసోల్లాసంలో ఈ పోత పద్ధతి వివరంగా ఉంది, మైనానికీ లోహానికీ మధ్య తూకం లెక్క కూడా ఉంది.

ఎంత పాతది, ఎంత కొత్తది

మొహెంజొదారోలో 1926లో దొరికిన నర్తకి బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లు, వయసు దాదాపు 4,500 ఏళ్లు. అది మైనపు అచ్చులో పోసిందే. అంతకంటే పాతది బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన చిన్న చక్రం ఆకారపు రాగి తాయెత్తు. దాని వయసు సుమారు 6,000 ఏళ్లు. 2016లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు దాని లోపలి నిర్మాణాన్ని పరీక్షించి, దాన్ని ఎలా పోశారో తేల్చారు. మైనపు పోతకు ఇప్పటివరకు తెలిసిన తొలి ఆనవాళ్లలో అది ఒకటి.

ఇది పాతబడిపోయిన విద్య కూడా కాదు. 1907లో అమెరికా దంతవైద్యుడు విలియం టాగర్ట్ పంటి గుంతకు సరిగ్గా సరిపోయే బంగారు పూరకాన్ని మైనపు అచ్చుతో పోసి చూపించాడు. ఆ తరువాత ఈ పద్ధతి దంతవైద్యంలో స్థిరపడింది, అక్కడి నుంచి విమానాల కర్మాగారాలకు పాకింది. ఈనాటి జెట్ ఇంజిన్‌లోని టర్బైన్ రెక్కలు ఇలాగే తయారవుతాయి. మైనంతో రెక్క నమూనా చేస్తారు. దాని మీద మొదట మెత్తని సిరామిక్ పూత, తరువాత ముతక పూతలు వేస్తారు. మైనం కరిగించి, ఆ ఖాళీలో నికెల్ మిశ్రమ లోహం పోస్తారు. రెక్క లోపల చల్లగాలి తిరిగే దారుల కోసం ముందే ఒక సిరామిక్ దిమ్మ పెట్టి, పోత అయ్యాక దాన్ని కరిగించి తీసేస్తారు. మెత్తని పొర ముందు, ముతక పొర తరువాత, లోపల దిమ్మ. కొండగావ్ ముంగిట్లో జరిగే పని వరుస ఇదే.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనా ప్రయోగశాల ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలను రూపొందించి, 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించిందని 2021 ఏప్రిల్‌లో డీఆర్‌డీవో ప్రకటించింది. ప్రపంచంలో కొద్ది దేశాలకే చేతనైన పని అది. ఆ విజయానికి మనం గర్వపడ్డాం, పడాలి కూడా. అయితే అదే సూత్రాన్ని వేల ఏళ్లుగా కాపాడుకొచ్చిన చేతులను చూసినప్పుడు కూడా అంతే గర్వం కలగాలి.

మనకూ బంధుత్వం ఉంది

బస్తర్ తెలుగువారికి పరాయి నేల కాదు. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. ఆ వంశపు కులదేవత దంతేశ్వరి రూపాన్నే ఘడవాలు ఇత్తడిలో పోస్తారు. గోదావరికి అవతల మన ఆదిలాబాద్ అడవుల్లోనూ ఇదే విద్య ఉంది. ఉషెగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్లలో ఓజ కుటుంబాలు గోండుల కోసం, కొలాముల కోసం దేవతామూర్తులూ గంటలూ పోస్తూ వచ్చాయి. బస్తర్ డోక్రాకు 2008లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాష్ట్రాల సరిహద్దులు వేరైనా ఈ రెండు చోట్లా మట్టి, మైనం, మంట పని ఒక్కటే.

శిల్పమా, సామానా

రొమేనియాలోని హోబిత్సా అనే పల్లెలో 1876లో పుట్టిన కాన్‌స్టాంటిన్ బ్రాంకూషి క్రాయోవాలోని చేతిపనుల పాఠశాలలో వడ్రంగం నేర్చుకున్నాడు. తరువాత పారిస్ చేరి ఆధునిక శిల్పానికే దారి మార్చాడు. ఆయన చేసిన ‘అంతరిక్షంలో పక్షి’ కంచు శిల్పం 1926లో న్యూయార్క్ రేవుకు వస్తే, అక్కడి కస్టమ్స్ అధికారులు దాన్ని శిల్పంగా ఒప్పుకోలేదు. వంటసామాను, ఆసుపత్రి పరికరాల పద్దులో రాసి 40 శాతం సుంకం వేశారు. కేసు కోర్టుకెక్కింది. 1928 నవంబరులో తీర్పు వచ్చింది, ఆ పక్షి కళాఖండమేనని. ఆ పక్షి రూపాలు మూడింటిని ఇందోర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్ కొన్నాడు. వాటికోసం ధ్యానమందిరం కట్టించాలనుకుని బ్రాంకూషిని ఇందోర్‌కు రప్పించాడు. ఆ మందిరం మాత్రం కట్టలేదు.

పల్లె వడ్రంగాన్ని ప్రపంచ శిల్పంగా గుర్తించడానికి ఒక కోర్టు కావాల్సి వచ్చింది. ఘడవాలకు ఆ తీర్పు ఇంకా రాలేదు. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ తండ్రి సిర్మన్ దగ్గర పని నేర్చి, జాతీయ పురస్కారం పొంది, తన బొమ్మలను విదేశాల ప్రదర్శనలకు చేర్చారు. ఆయనలాంటి వారిని పక్కన పెడితే, మన ఇళ్లలో ఉన్న బొమ్మలను చేసినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? పెద్ద నగరంలో పేరున్న శిల్పి చేసిన కంచు బొమ్మ కింద సంతకం ఉంటుంది. ఒకే అచ్చుకు ఒకే బొమ్మగా పుట్టిన డోక్రా కింద ధర చీటీ ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది

ఈ విద్యకు ఎదురవుతున్న ఇబ్బందులు మాటల్లో కాదు, సరుకుల్లో ఉన్నాయి. ఇత్తడి ధర పెరుగుతోంది. తేనెమైనం దొరకడం కష్టమవుతోంది. ఇసుక అచ్చుల్లో వందలకొద్దీ పోసిన నకళ్లు డోక్రా పేరుతోనే అమ్ముడవుతున్నాయి. కొనేవారు కాస్త గమనిస్తే తేడా తెలుస్తుంది. మైనపు పోతలో దారం గీతలు ఒకదాని మీద ఒకటి నిలిచి స్పష్టంగా ఉంటాయి, చేతి వంపును బట్టి దారం సన్నబడుతూ లావవుతూ పోతుంది. రెండు సగాల అచ్చులో పోసిన నకలుకు పక్కల వెంట అతుకు గీత కనిపిస్తుంది, దారాలు అరిగినట్టు చదునుగా ఉంటాయి.

రాయ్‌పూర్‌కు ఇక్కడ ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. ఇప్పటి ఎన్‌ఐటీ రాయ్‌పూర్ 1956లో గనుల, లోహశాస్త్ర కళాశాలగా పురుడు పోసుకుంది. లోహశాస్త్రం చదివే విద్యార్థులు కొండగావ్ వెళ్లి కొలిమి దగ్గర కూర్చోవాలి. పొగ తక్కువ, కట్టె తక్కువ పట్టే బట్టీలను ఘడవాలతో కలిసి తయారు చేయాలి. వారి మట్టి మిశ్రమాలను కొలిచి, రాసి, ఆ రాతను వారి పేరునే ప్రకటించాలి. నేర్చుకునే విద్యార్థిగా వెళ్లాలి తప్ప నేర్పే అధికారిగా కాదు. హాట్‌లలో అమ్మే ప్రతి బొమ్మ మీదా చేసినవారి పేరు, ఊరు చెక్కించాలి. మనం కొనేటప్పుడు కిలో ఇత్తడి ధరతో పోల్చకుండా, అందులో పట్టిన రోజులనూ నేర్పునూ లెక్కలోకి తీసుకోవాలి. ఆదిలాబాద్ ఓజలకు కూడా ఇవన్నీ వర్తిస్తాయి.

ఒక దేశం సాధించిన గొప్పతనాన్ని చెప్పేటప్పుడు ప్రయోగశాలలనూ పేటెంట్లనూ బహుమతులనూ లెక్కిస్తాం. ఆ పట్టికలో ఘడవా కొలిమికి చోటివ్వడం దయ కాదు, న్యాయం. ఆరు వేల ఏళ్ల కిందట మనిషి కనిపెట్టిన ఒక ఉపాయాన్ని వాళ్లు ప్రతి ఎండాకాలం, ప్రతి పండుగకూ మళ్లీ చేసి చూపిస్తున్నారు. జెట్ ఇంజిన్‌కు ఆ ఉపాయం పనికొచ్చిందంటే, అది ఇన్నాళ్లూ బతికి ఉండడం వల్లనే దాని విలువ మనకు తెలుస్తోంది. ఇకపై అది బతకాలంటే, కొనేవాడు ముందు చేసినవాడి పేరు అడగాలి.