సగటు మాటున దాగిన డిస్కు

పెన్నాగరం తాలూకాలోని హొగెనకల్ దగ్గర తోడిన కావేరి నీరు ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఊళ్లకు గొట్టాల్లో చేరుతుంది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువున్న ఈ ప్రాంతానికి ఆ తాగునీటి పథకం 2013లో మొదలైంది. ఇలాంటి పథకంలో చివరి వీధి కుళాయి సన్నగా కారితే నది ఎండిపోయిందని ఎవరూ తేల్చేయరు. కుళాయి నుంచి ట్యాంకు దాకా, ట్యాంకు నుంచి పెద్ద రిజర్వాయరు దాకా ఒక్కో వాల్వు దగ్గర ఆగి ఒత్తిడి చూసుకుంటూ వెనక్కి నడుస్తారు.

వందల డిస్కుల్లో డేటాను పంచి దాచే స్టోరేజీ క్లస్టర్‌లో రీడ్‌లు మందగించినప్పుడూ నడవాల్సిన దారి ఇదే. ఈ విద్య మనకు దూరపుదేమీ కాదు. ఇలాంటి క్లస్టర్లను నడిపే గ్లస్టర్ ఫైల్ సిస్టమ్ అభివృద్ధిలో చాలా భాగం బెంగళూరులోనే సాగింది. 2011లో రెడ్‌హ్యాట్ గ్లస్టర్ సంస్థను కొన్నది.

మొదటి ఉచ్చు సగటు. గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, లూయీ బరోసో 2013లో ఒక లెక్క చూపారు. ఒక సర్వర్ నూటికి ఒక్కసారే సెకనుకు మించి ఆలస్యం చేస్తుందనుకుందాం. ఒక పనికి అలాంటి 100 సర్వర్ల జవాబులూ కావాలంటే, నూటికి 63 పనులు సెకను దాటుతాయి. ఒక్కో సర్వర్ సగటు లెక్కలు బాగానే కనిపిస్తాయి, వాడేవాడికి మాత్రం నరకం. అందుకే అనుభవజ్ఞులు ముందు వెయ్యిలో అన్నిటికన్నా ఆలస్యమైన రీడ్‌కు ఎంత పట్టిందో అడుగుతారు.

ఆ తర్వాతే ఒంటరి డిస్కు వేట. సెఫ్ అనే స్టోరేజీ వ్యవస్థలో డేటాకు మూడు ప్రతులున్నా, మామూలుగా రీడ్ అడిగేది ప్రధాన ప్రతినే. ఆ ప్రతి ఉన్న డిస్కు కుంటితే మిగతా రెండూ ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. ప్రతి సర్వర్‌లో డిస్కుల పనితీరు చూపే ఐఓస్టాట్ నడిపి, ఒక్కో డిస్కు ఒక రీడ్‌కు ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటోందో పక్కపక్కన పెట్టి చూస్తే దొంగ దొరికిపోతుంది. తిరిగే డిస్కుకు 10 మిల్లీసెకన్ల దరిదాపు మామూలే. తోటివన్నీ అక్కడుండగా ఒకటి 200 దగ్గర ఉందంటే ఇక అనుమానమెందుకు? పూర్తిగా చచ్చిన డిస్కును క్లస్టర్ తనే పక్కన పెడుతుంది. చావకుండా ఈడ్చేదే అసలు ప్రమాదం.

డిస్కులన్నీ బాగుంటే నెట్‌వర్కు చూడాలి. సర్వర్లు 9000 బైట్ల ప్యాకెట్లకు సిద్ధమై, మధ్యలో ఒక స్విచ్ మాత్రం 1500 దగ్గరే ఉండిపోతే, చిన్న పింగ్ హాయిగా వెళ్లొస్తుంది, పెద్ద రీడ్ నిలిచిపోతుంది. విడగొట్టవద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపితే గుట్టు బయటపడుతుంది. చాలామంది ఈ పరీక్షను ఆఖరికి వదిలేసి రోజులు పోగొట్టుకుంటారు.

కారణం ఒక్కోసారి ఊహకందదు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల పెట్టె ముందు నిలబడి గట్టిగా అరిచాడు. ఆ కంపనానికి డిస్కుల జాప్యం తెర మీద ఒక్కసారిగా ఎగబాకింది. జాప్యాలను సగటు చేయకుండా స్థాయులవారీగా విడదీసి చూపే పటం ఉండబట్టి అది కంటికి కనిపించింది.

చికిత్సలో తొందర కూడదు. కుంటే డిస్కును ఉన్నపళంగా తీసేస్తే దాని డేటానంతా మళ్లీ కాపీ చేసే పని మొదలై, ఉన్న వేగమూ పడిపోతుంది. సెఫ్‌లో ఆ డిస్కుకు ప్రధాన ప్రతి దక్కే అవకాశాన్ని నిర్ణయించే ప్రైమరీ అఫినిటీని 0 చేస్తే రీడ్‌లు ఇతర ప్రతులకు మళ్లుతాయి. మార్పిడి పని తీరిగ్గా రాత్రి చేసుకోవచ్చు. డీన్, బరోసో చూపిన మరో దారి, జవాబు ఆలస్యమైతే రెండో ప్రతినీ అడగడం. గూగుల్ డేటాబేస్ బిగ్‌టేబుల్ మీద చేసిన పరీక్షలో 10 మిల్లీసెకన్లు ఆగి ఇలా అడిగితే, వెయ్యిలో అన్నిటికన్నా నెమ్మదైన జవాబు 1800 మిల్లీసెకన్ల నుంచి 74కు దిగింది. అందుకు పెరిగిన అభ్యర్థనలు నూటికి రెండే.

క్లస్టర్ నడిపేవారికి ఒక్క విన్నపం. ఏ ఫిర్యాదూ లేని ఈ వారంలోనే ఫియో అనే పరీక్షా సాధనంతో ఒక్కో డిస్కు రీడ్ వేగం కొలిచి రాసిపెట్టుకోండి. పరీక్ష ఫైలు సర్వర్ మెమరీ కన్నా పెద్దదిగా ఉండాలి, లేకుంటే మీరు కొలిచేది మెమరీ వేగమే కావచ్చు.