ఓడ పేరు, వంతెన పేరు

అమెరికన్ నౌకాదళం తన తొలితరం అధికారుల పేర్లు యుద్ధనౌకలకి పెడుతుంది. ఒక ఓడ మునిగినా, తుక్కుకి పోయినా అదే పేరు ఇంకో ఓడకి ఎక్కుతుంది. డికేటర్, ప్రెబుల్, బెయిన్‌బ్రిడ్జ్ రెండొందల ఏళ్ల కిందటి మనుషులు. ఇవాళ అవి క్షిపణులు మోసే డిస్ట్రాయర్ల పేర్లు. గౌరవమే, కాదనను. కానీ పేరు పెడితే మనిషి గుర్తుంటాడా? హెర్మన్ మెల్‌విల్ చివరి నవలిక 'బిల్లీ బడ్' చదివాక నాకు ఆ నమ్మకం పోయింది.

ముందు దాని వెనకున్న ఓడ సంగతి చెప్పాలి. రిచర్డ్ సోమర్స్ అనే యువ అధికారి 1804లో ట్రిపోలీ రేవులోకి మందుగుండు నింపిన నౌకని నడిపిస్తుండగా అది పేలి, సిబ్బందితో సహా చనిపోయాడు. ఆయన పేరు పెట్టిన ఓడ మీదే 1842 డిసెంబరు 1న ముగ్గుర్ని ఉరితీశారు. తిరుగుబాటుకి కుట్ర పన్నారని ఆరోపణ; కోర్ట్ మార్షల్ జరపలేదు. వాళ్లలో 19 ఏళ్ల ఫిలిప్ స్పెన్సర్ యుద్ధమంత్రి కొడుకు. ఉరితీయించిన కమాండర్ మెకెంజీ రచయిత కూడా. జాన్ పాల్ జోన్స్, ఆలివర్ పెర్రీల జీవితచరిత్రలు అప్పటికే రాశాడు. వీరగాథలు రాసిన చెయ్యి, వీరుడి పేరున్న ఓడ మీద ఆ పని చేసింది! తర్వాత విచారణలో మెకెంజీ నిర్దోషిగా బయటపడ్డాడు. నవలాకారుడు ఫెనిమోర్ కూపర్ ఆ విచారణని తప్పుపడుతూ పెద్ద సమీక్ష రాశాడు. 'సోమర్స్' అనగానే ట్రిపోలీ కంటే ముందు ఉరితాడు గుర్తొచ్చే పరిస్థితి వచ్చింది.

మెల్‌విల్‌కి వరసకి అన్న అయ్యే గాన్స్‌వోర్ట్ ఆ ఓడలో లెఫ్టినెంట్. నవలిక మాత్రం 1797 నాటి బ్రిటిష్ నౌకాదళంలో నడుస్తుంది. బిల్లీని 'రైట్స్ ఆఫ్ మాన్' అనే సరుకుల ఓడ నుంచి బలవంతంగా యుద్ధనౌకకి పట్టుకెళ్తారు. ఓడ యజమాని థామస్ పెయిన్ అభిమాని, అందుకే ఆయన పుస్తకం పేరు పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బిల్లీ ఓడని పేరుపెట్టి పిలిచి వీడ్కోలు చెప్తాడు. లెఫ్టినెంట్‌కి అది వెటకారంలా వినిపిస్తుంది. బిల్లీకి వెటకారమే తెలీదు. పెట్టినవాడి ఉద్దేశం ఒకటి, విన్నవాడికి తట్టింది ఇంకొకటి, పలికినవాడికి రెండూ పట్టవు. పేర్ల గురించి ఇంతకంటే మంచి పాఠం నేను చదవలేదు.

ఈ పాఠం ఆరాంఘర్‌లో బాగా పనికొస్తుంది. మెహిదీపట్నం నుంచి అక్కడికొచ్చే 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైంది, దానికి పి.వి. నరసింహారావు పేరు. అక్కణ్ణుంచి జూపార్క్ వైపు వెళ్లే ఫ్లైఓవర్ 2025 జనవరిలో మొదలైంది, దానికి మన్మోహన్ సింగ్ పేరు. 1991 నాటి ప్రధాని, ఆయన ఆర్థికమంత్రి ఒకే కూడలికి చేరారు. వాళ్లు తెరిచిన తలుపులోంచే నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం లోపలికొచ్చాం. అయినా ఆ దారిలో అడ్రస్ చెప్పాలంటే పిల్లర్ నంబరే చెప్తాం. 'వేయిపడగలు'ని హిందీలోకి 'సహస్రఫణ్'గా అనువదించిన పి.వి. ఆ నంబర్లలో ఎక్కడా తగలడు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. 1991ని తలుచుకునేవాళ్లకీ, 1992 డిసెంబరు 6ని మర్చిపోలేనివాళ్లకీ ఆ పేరు ఒకేలా వినపడదు. ఇద్దరూ అదే వంతెన ఎక్కుతారు. బోర్డు మీద ఒక్క పి.వి.నే పడతాడు. బోర్డు అంతకంటే ఏం చేస్తుంది? ఇద్దరి పి.వి.నీ ఒక్కచోట నిలబెట్టగలిగేది కథే. మెల్‌విల్ చేసింది అదే: బిల్లీకి శిక్ష వేసిన కెప్టెన్ వియర్‌ని రాక్షసుణ్ణి చెయ్యలేదు, అలాగని వదిలిపెట్టనూ లేదు. ఇవాళ్టికీ పాఠకులు ఆయన్ని గురించి తగువు పడుతూనే ఉన్నారు.

పేర్లు పెట్టడం ప్రభుత్వాల పని, అది జరుగుతూనే ఉంటుంది. ఆ పేర్లతో తగువు పడే నవలలు తెలుగులో రావాలి. ఆరాంఘర్ కూడలి అలాంటి ఒక నవలకి సరిపోయేంత పెద్దదే.