సూర్యుడి చెంత సౌరపవన వేగాన్ని కొలవడం ఎలా?

సూర్యుడి వెలుపలి వాతావరణమైన కరోనా నుంచి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, కొద్దిపాటి హీలియం అయాన్లు నిరంతరం అంతరిక్షంలోకి వెళ్లిపోతుంటాయి. ఈ ప్రవాహమే సౌరపవనం. ఇది ఉండి తీరాలని 1958లో యూజీన్ పార్కర్ లెక్కగట్టి చెప్పారు. 1962లో శుక్రుడి దిశగా వెళ్లిన మారినర్-2 దాన్ని నేరుగా కొలిచి, సందేహాలకు తావు లేకుండా చేసింది. భూమి దగ్గర దీని వేగం సాధారణంగా సెకనుకు 300 నుంచి 800 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కానీ అది దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చాక తేలిన వేగం. పవనం పుట్టేది, వేగం పుంజుకునేది సూర్యుడి దగ్గరే. ఏ శక్తి దాన్ని అలా తరుముతోందో తేలాలంటే అక్కడే కొలవాలి.

మొదట దూరం నుంచే కొలిచారు. కరోనాలోని హైడ్రోజన్ పరమాణువులు కింది పొరల నుంచి వచ్చే 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని గ్రహించి వెదజల్లుతాయి. పరమాణువు వేగంగా బయటికి పోతుంటే, డాప్లర్ ప్రభావం వల్ల ఆ కాంతి దానికి సరిపడే తరంగదైర్ఘ్యం నుంచి పక్కకు జరుగుతుంది. కరోనా అంతమేర మసకబారుతుంది. ఆ తగ్గుదల నుంచి వేగం రాబడతారు. 1995లో ప్రయోగించిన సోహో నౌక ఈ పద్ధతిని బాగా వాడుకుంది. అదే నౌక కెమెరాలు ప్లాస్మా ముద్దలు కొట్టుకుపోవడాన్నీ చిత్రించాయి. వాగులో ఆకును చూసి నీటి వేగం అంచనా కట్టినట్టే, వాటి కదలికను బట్టి నెమ్మదిగా వీచే పవనం వేగాన్ని గుర్తించారు. అయిదు సౌర వ్యాసార్ధాల దూరంలో అది సెకనుకు సుమారు 150 కిలోమీటర్లు. 25 వ్యాసార్ధాలకు చేరేసరికి 300.

రేడియో పద్ధతి ఇంకా పాతది. సుదూర రేడియో జనకాల సంకేతాలు సౌరపవనం గుండా వచ్చేటప్పుడు మినుకుమినుకుమంటాయని 1964లో కేంబ్రిడ్జిలో ఆంటొనీ హ్యూయిష్ బృందం ప్రకటించింది. ఆ మినుకులు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి ఎంత ఆలస్యంగా చేరాయో చూస్తే వేగం తెలుస్తుంది. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం ఈ పని చేస్తోంది. మన ఊటీలో 530 మీటర్ల పొడవున్న రేడియో టెలిస్కోపు ఒక్క చోటి నుంచే, మినుకుల తీరును విశ్లేషించి వేగం రాబడుతుంది. నౌకలు అరుదుగా వెళ్లే ధ్రువ ప్రాంతాల పవనాన్నీ ఈ పద్ధతి చూడగలదు. దాని అసలు విలువ అక్కడే ఉంది.

నేరుగా కొలిచే అవకాశం 2018 ఆగస్టు 12న బయల్దేరిన పార్కర్ సోలార్ ప్రోబ్‌తో వచ్చింది. పార్కర్ ఆ ప్రయోగాన్ని కళ్లారా చూశారు. ఈ నౌకలో పవనాన్ని కొలిచే ఒక ముఖ్య సాధనం ఫారడే కప్పు. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్రోటాన్ శక్తి దాదాపు 835 ఎలక్ట్రాన్ వోల్టులు. కప్పులోని జాలీకి అంతకన్నా ఎక్కువ ధన వోల్టేజీ ఇస్తే అది వెనక్కి మళ్లుతుంది. తక్కువ ఇస్తే జాలీ దాటి, అడుగునున్న లోహపు పలకను తాకి విద్యుత్ ప్రవాహంగా నమోదవుతుంది. వోల్టేజీని రెండు విలువల మధ్య ఆడిస్తూ, ప్రవాహంలో వచ్చిన తేడాను మాత్రమే లెక్కిస్తారు. సూర్యకాంతి తాకిడికి పలక నుంచి ఊడిపడే ఎలక్ట్రాన్ల ప్రభావం దాంతో తొలగిపోతుంది. ఈ కప్పు ఉష్ణకవచం నీడలో ఉండదు, నేరుగా సూర్యుడినే చూస్తుంది. అందుకే జాలీలు టంగ్‌స్టన్‌తో, తీగలు నియోబియంతో చేసి, తీగల చుట్టూ నీలమణి స్ఫటికపు గొట్టాలు అమర్చారు.

ఇంకో చిక్కు, నౌక సొంత వేగం. 2024 డిసెంబరు 24న అది సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరంలో, గంటకు సుమారు 6,92,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. అంటే సెకనుకు దాదాపు 192 కిలోమీటర్లు. దాంతో పవనం సాధనాలకు ఏటవాలుగా తగులుతుంది. పక్కల నుంచి వచ్చే కణాలకు వేరే విశ్లేషకాలు కావాలి, తర్వాత నౌక వేగాన్ని దిశతో సహా తీసివేయాలి. ఇలాంటి కొలతల వల్లే 2021 ఏప్రిల్ 28న నౌక ఆల్ఫ్‌వెన్ సరిహద్దును దాటి కరోనాలోకి ప్రవేశించినట్టు తేలింది. ఆ సరిహద్దు లోపల పవనం ఇంకా అయస్కాంత తరంగాల వేగాన్ని మించదు.

అయినా నౌక తానున్న చోటి సంగతి మాత్రమే చెబుతుంది. అందుకే దూరం నుంచి కొలిచే పద్ధతులు ఇప్పటికీ అవసరమే. మరోవైపు, శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన మన ఆదిత్య-ఎల్1 నౌక భూమికి సూర్యుడి వైపున 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, తనను చేరిన సౌరపవనాన్ని కొలుస్తోంది. సెకనుకు 400 కిలోమీటర్ల పవనం అక్కడి నుంచి మనల్ని చేరడానికి గంట పడుతుంది, సూర్యుడి నుంచైతే నాలుగు రోజులకు పైనే.