కలుపుమందు మాయమైనదా, మారినదా?

పొలములో చల్లిన కలుపుమందు పొలములోనే నిలువదు. వాననీటితో వాగులకును, భూగర్భజలమునకును చేరును. మొక్కజొన్న చేలలో వాడు అట్రజీను ఇందుకు పేరుపడిన ఉదాహరణము. ఇట్టి నీటిని కాంతితో శుద్ధి చేయవచ్చునను వాదము ఎంతవరకు నిలుచునో పరిశీలింపదగియున్నది.

సూత్రము సులభమైనదే. టైటానియం డయాక్సైడు తెల్లరంగుల తయారీలో వాడు పొడి. దానిని నీటిలో కలిపి అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసినచో, స్ఫటికములోని కొన్ని ఎలక్ట్రానులు పై శక్తిస్థాయికి లేచును. అవి విడిచిన ఖాళీలు నీటినుండి హైడ్రాక్సిల్ రాడికల్‌లను పుట్టించును. ఈ రాడికల్‌లు కలుపుమందు అణువులను ఛేదించును. పొడి మాత్రము తరిగిపోదు. కనుకనే అది ఉత్ప్రేరకము.

ఇటలీలోని ట్యూరిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎజియో పెలిజెట్టి, ఆయన సహచరులు 1990లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున గమనింపదగినది. అట్రజీను త్వరగానే అదృశ్యమైనది. కాని దాని కర్బనమంతయు బొగ్గుపులుసు వాయువుగా మారలేదు. అణువు పక్కశాఖలు తెగిపోయినవి. మూడు కర్బన, మూడు నత్రజని పరమాణువుల వలయము మాత్రము చెదరక సయనూరిక్ ఆమ్లముగా మిగిలినది. ఈ ఆమ్లమునకు విషగుణము తక్కువ. కావున ఫలితము స్వల్పమైనది కాదు. అయినను అదృశ్యమగుట వేరు, సంపూర్ణముగా విచ్ఛిన్నమగుట వేరు. మిగిలినదేమో తేల్చి చెప్పుటయే ఆ పరిశోధన గొప్పతనము. తొలగింపు శాతమును మాత్రమే చాటు నివేదిక సగము లెక్కయే.

ఆ శాతము కూడ మోసగింపగలదు. లీటరు నీటిలో 10 మిల్లీగ్రాముల మందు కలిపి 99 శాతము తొలగించిరనుకొందము. మిగిలినది 0.1 మిల్లీగ్రాము, అనగా 100 మైక్రోగ్రాములు. తాగునీటిలో ఏ ఒక్క కలుపుమందును లీటరుకు 0.1 మైక్రోగ్రామును మించరాదని ఐరోపాలో 1980లో విధించిన పరిమితి నేటికిని అమలులోనున్నది. మిగిలిన మందు దానికి 1,000 రెట్లు!

మరి రెండు చిక్కులు కలవు. సూర్యకాంతిలో ఈ పొడికి పనికివచ్చు అతినీలలోహిత భాగము సుమారు 5 శాతమే. బావినీటిలో సహజముగా నుండు బైకార్బొనేటులు రాడికల్‌లను మధ్యలోనే హరించును. స్వేదనజలములో సాధించిన వేగము అందు కానరాదు.

పద్ధతి నిరర్థకమని దీని భావము కాదు. ఎంత పోయినదని అడుగు విద్యార్థి, ఏమి మిగిలినది, ఎంత మిగిలినది, ఏ నీటిలో అనికూడ అడుగవలెను. ఈ మూడింటికి జవాబు చెప్పగలిగిన ప్రయోగమే తాగునీటికి దారి చూపగలదు.