'యతీమ్'కు తెలుగు మాట ఏది?

పవిత్ర ఖురాన్‌లో 'యతీమ్' అన్న పదం, దాని ద్వివచన, బహువచన రూపాలతో కలిపి, ఇరవైకి పైగా చోట్ల వస్తుంది. తెలుగు అనువాదాలలోను, ధార్మిక వ్యాసాలలోను దానికి స్థిరపడిపోయిన మాట 'అనాథ'. చదవడానికి సులువైన మాట. వినగానే జాలి కలిగించే మాట. అయితే ఆ జాలి చాటున ఒక శాసనం మరుగున పడిపోతున్నది. ఇది కేవలం పదాల తగవు కాదు. తండ్రి లేని పిల్లల పొలాలు, ఇళ్లు, నగల తగవు.

అరబ్బీ భాషలో ఈ ధాతువుకు ఒంటరితనమన్న అర్థం ఉన్నది. జత దొరకని ముత్యాన్ని కూడ 'యతీమ్' అంటారు. పశువుల విషయంలో తల్లి పోయిన దానికి, మనుషుల విషయంలో తండ్రి పోయిన బిడ్డకు ఈ పేరు. ఫిఖ్‌హ్ పరిభాషలో యతీమ్ అంటే ప్రాప్తవయస్సు రాకముందే తండ్రిని కోల్పోయిన బాలుడు లేక బాలిక. తల్లి బతికి ఉండవచ్చు. తాత, మేనమామ, చిన్నాన్న ఉండవచ్చు. ఊళ్లో అందరికన్న ఎక్కువ ఆస్తీ ఉండవచ్చు. అయినా ఆ బిడ్డ యతీమే. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆ పేరు చెల్లదని హదీసు కూడ ఉన్నది.

'అనాథ' అంటే నాథుడు లేనివాడు, దిక్కులేనివాడు. అన్నిసా సూరాలోని మొదటి ఆయతులు మాట్లాడుతున్నది ఆ దిక్కుతోనే, అంటే బిడ్డ ఆస్తిని చేతిలో పెట్టుకున్న పెద్దమనిషితో. వారి సొమ్ము వారికి అప్పగించమని, మంచిది తీసుకొని చెడ్డది అంటగట్టవద్దని, తమ ఆస్తిలో కలుపుకొని తినవద్దని ఆజ్ఞ. కర్నూలు, కడప పల్లెల్లో అన్న చనిపోయినప్పుడు తమ్ముడు బిడ్డలను దగ్గరికి తీసి "మేముండగా వీళ్లు అనాథలెట్లవుతారు?" అనడం పరిపాటి. ఆ మాటలో ప్రేమ ఉన్నది, అబద్ధం లేదు. కాని అదే మనిషి తెలుగులో ఆ ఆయతులు చదివితే, అవి ఏ ఆశ్రమంలోని పిల్లలను గురించో చెబుతున్నాయనుకొని పేజీ తిప్పేస్తాడు. ఆజ్ఞ ఎవరికోసం వచ్చిందో వారిని చేరకుండానే దారి తప్పుతుంది.

ఒక లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఒక రైతు 24 ఎకరాల మెట్ట పొలం వదిలి మరణించాడనుకుందాం. తల్లిదండ్రులు ముందే పోయారు. అప్పులు, వసీయతు లేవు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు మిగిలారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 ఎకరాలు, కొడుకుకు 14, కూతురుకు 7. మరణించిన వాని తమ్మునికి ఇందులో సెంటు భూమి కూడ రాదు. అయినా వేరుశనగ పండని ఏడు, బోరు అప్పు మీద పడిన ఏడు, ఆ 21 ఎకరాలలో ఎంతో కొంత అమ్మి ఉమ్మడి అవసరం తీర్చుకోవడం అతనికి సహజంగా తోస్తుంది. "వాళ్లను సాకుతున్నది నేనే కదా" అన్నది సమాధానం.

సాకడం వేరు, ఆస్తిపై అధికారం వేరు. హనఫీ ఫిఖ్‌హ్‌లో మైనరు ఆస్తికి వలీ మొదట తండ్రి. తరువాత తండ్రి నియమించిన వసీ. ఆ పైన తండ్రి తండ్రి, ఆయన నియమించిన వసీ. ఎవరూ లేకుంటే ఖాజీ. చిన్నాన్నకు గాని, అన్నకు గాని, చివరకు తల్లికి గాని నియామకం లేకుండా ఆ అధికారం రాదు. భారతదేశంలోని న్యాయస్థానాలూ ఈ సూత్రాన్నే పాటించాయి. తల్లి కేవలం పెంపక హోదాతో మైనరు స్థిరాస్తిని అమ్మితే చెల్లదని 1918లో ఇమాంబాందీ కేసులో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పింది. మైనరు తరఫున అన్న చేసిన కుటుంబ ఒప్పందం మైనరును బంధించదని 1952లో మహమ్మద్ అమీన్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఖాజీ స్థానంలో నేడున్నది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం కోర్టు. కోర్టు నియమించిన గార్డియను కూడ అనుమతి లేకుండా స్థిరాస్తిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు.

శాసనం కఠినమే కాని గుడ్డిది కాదు. యతీముల సొమ్ము తినడంపై హెచ్చరికలు రాగానే సహాబాలు భయపడి వారి అన్నం, నీళ్లు కూడ వేరుపెట్టారు, మిగిలినది పాడైపోయేది. అప్పుడు అల్‌బఖరా సూరాలో సడలింపు వచ్చింది: కలిసి ఉండండి, వారు మీ సోదరులు, బాగు చేసేవాడెవడో చెడగొట్టేవాడెవడో అల్లాహ్‌కు తెలుసునని. కలిమి గల వలీ ఏమీ తీసుకోరాదు. పేదవాడు న్యాయమైనంత తీసుకోవచ్చు. ఊరకే ఉంచితే జకాత్‌కే ఆస్తి కరిగిపోతుంది, వ్యాపారంలో పెట్టమన్నారు హజ్రత్ ఉమర్ (రజి). అబూజర్ (రజి) వంటి నిష్ఠాపరుణ్ణి సయితం, నీవు బలహీనుడవు, యతీమ్ ఆస్తి బాధ్యత తీసుకోవద్దని ప్రవక్త (స) వారించారు. మంచితనం ఒక్కటే చాలదు, లెక్క నడిపే శక్తి కావాలి.

అప్పగింత విషయంలో మరో మాట చిక్కు పెడుతుంది. వయస్సు వచ్చాక పిల్లలలో 'రుష్ద్' కనబడితే ఆస్తి ఇవ్వమన్నది ఆజ్ఞ. దీన్ని 'వివేకం' అని ఊరుకుంటే, "వాడికింకా వివేకం రాలేదు" అని వలీ ఏళ్ల తరబడి సాగదీయవచ్చు. ఇక్కడ రుష్ద్ ముఖ్యంగా ఆస్తిని చక్కబెట్టుకునే నేర్పు. దానికి ముందే పరీక్షించమని ఉన్నది, అంటే పంట అమ్మకం, కూలి లెక్క వంటివి కొంచెం కొంచెంగా పిల్లల చేత చేయించాలి. అప్పగించేటప్పుడు సాక్షులుండాలి.

రాయలసీమకు ఈ అనువాద చర్చలో ప్రత్యేక స్థానం ఉన్నది. ఖురాన్‌ను తొలిసారి తెలుగు చేసిన డాక్టర్ చిలుకూరి నారాయణరావు అనంతపురంలో తెలుగు అధ్యాపకులు. 1928లో నంద్యాల సభలో ఈ సీమకు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించినవారుగా ప్రసిద్ధులు. తరువాతి అనువాదకులలో మౌల్వీ అబ్దుల్ గఫూర్ కర్నూలు వారు. వారి శ్రమ వల్లనే, ఉర్దూ రాని దూదేకుల కుటుంబాలకు కూడ గ్రంథం ఇంటి భాషలో అందే దారి ఏర్పడింది. తెలుగు మాట మీదనే ఆధారపడిన ఆ పాఠకులకు మాట తప్పితే శాసనమే తప్పుతుంది.

'యతీమ్' అనే ఉంచేస్తే? యతీంఖానాల వల్ల ఆ పదానికీ దానధర్మాల వాసన అంటుకున్నది. కనుక అనువాదంలో 'తండ్రి లేని పిల్లలు' అన్న తేట తెలుగే మేలు. పొడవైన మాటే, కాని ఎవరి ఇంటి సంగతో వెంటనే తెలుస్తుంది. ఒక్కచోట మాత్రం తెలుగు దానంతటదే సాయం చేస్తున్నది. ఖురాన్ ఆ సొమ్మును 'తినడం' అంటుంది, తిన్నవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారంటుంది. 'సొమ్ము తిన్నాడు' అన్నది మన పల్లె మాటే. దాన్ని 'అపహరించుట', 'కాజేయుట' అని మార్చితే ఆ నిప్పుకు చోటు ఉండదు. అనువాదకులు 'తినడా'న్ని అలాగే ఉంచి, 'అనాథ'ను మార్చాలి. అప్పుడు ఆ ఆయతు చదివిన చిన్నాన్నకు తన పెట్టెలోని అన్న పట్టాదారు పుస్తకం గుర్తుకు వస్తుంది.