రెండు రోజుల్లో ఒక రాజధాని

ప్రయాణానికి ప్లాన్ వేయడం కూడా ఒక విద్యే. పదిరోజుల యాత్రలో ఆ విద్య అంతగా బయటపడదు, ఒక పూట చేజారినా మరో పూట ఉంటుంది. శుక్రవారం రాత్రి విమానం దిగి ఆదివారం రాత్రి మళ్లీ విమానం ఎక్కేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. ఏం చూడాలో తేల్చుకోవడం సులువే. ఏం వదులుకోవాలో తేల్చుకోవడమే కష్టం.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురు ఈమధ్య ఫోన్ చేసింది. "పిన్నీ, మేమిద్దరం మాల్టా వెళ్దామనుకుంటున్నాం. శని, ఆదివారాలే ఉన్నాయి. వాలెట్టాలో ఏమేం చూడాలో కాస్త చెప్పవా?" అంది. చూడదగ్గ చోట్ల జాబితా ఒకటి అప్పటికే తన దగ్గర ఉంది, అదీ చాంతాడంత. "అది పక్కన పెట్టమ్మా. ఆ ఊళ్లో ఏది ఏ రోజు తెరుస్తారో, ఏ వేళకు ఎండ ఎటు పడుతుందో ముందు చూద్దాం" అన్నాను.

సిసిలీకి దక్షిణాన, మధ్యధరా సముద్రం నడుమ ఉన్న మాల్టా దేశానికి వాలెట్టా రాజధాని. కోటగోడల మధ్య ఊరంతా కలిపినా ఒక చదరపు కిలోమీటరు ఉండదు. సిటీ గేటు దగ్గర మొదలయ్యే రిపబ్లిక్ స్ట్రీట్‌లో తిన్నగా నడిస్తే అవతలి కొసన సెయింట్ ఎల్మో కోట వచ్చేస్తుంది. ఇంత చిన్న ఊరికి ప్లాన్ దేనికి అనిపిస్తుంది. కానీ ఈ ఊరు పుట్టిందే ప్లాన్‌తో.

1565లో ఒట్టోమన్ సైన్యం మాల్టాను ముట్టడించింది. మే నుంచి సెప్టెంబరు దాకా సాగిన ఆ యుద్ధంలో సెయింట్ ఎల్మో కోట పడిపోయింది. గ్రాండ్ హార్బర్‌కు అవతలి ఒడ్డున ఉన్న బిర్గు మాత్రం నిలిచింది. అప్పుడు మాల్టాను ఏలుతున్న సెయింట్ జాన్ నైట్లనే క్రైస్తవ యోధుల అధిపతి జాన్ ద లా వాలెట్ అక్కడి నుంచే యుద్ధం నడిపాడు. శత్రువు మళ్లీ వస్తాడన్న భయంతో ఎదుటి గుట్ట మీద కొత్త నగరం కట్టాలని నిశ్చయించాడు. పోప్ పంపిన ఇంజినీరు ఫ్రాంచెస్కో లాపరెల్లి ఆ చలికాలంలోనే వచ్చి నగరానికి నమూనా గీశాడు. 1566 మార్చిలో శంకుస్థాపన జరిగింది.

గుట్టను చదును చేసి, దాని మీద తిన్నని వీధులు గీయాలని లాపరెల్లి ఆలోచన. చదును చేసేంత వ్యవధి లేదు, అంతమంది కూలీలూ లేరు. అందుకని చదును పని వదిలేశారు. కోటగోడలు, తిన్నని వీధులు, వానచుక్కను పట్టి దాచుకునేందుకు ఇంటింటికీ ఒక తొట్టి మాత్రం వదల్లేదు. ఈనాటికీ వాలెట్టా వీధులు కొన్ని మెట్లుగా దిగి, మళ్లీ మెట్లుగా ఎక్కడానికి కారణం అదే. వ్యవధి లేనివాడు ఏది పట్టుకున్నాడో, ఏది వదిలాడో ఆ మెట్ల మీద నడుస్తుంటే కాళ్లకే తెలుస్తుంది. వారాంతపు ప్రయాణానికి ప్లాన్ వేసేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

మేం పట్టుకున్న మొదటి విషయం సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్. ఆదివారాలు అందులోకి సందర్శకులను రానివ్వరు. కాబట్టి శనివారం ఉదయం దానికే. బయటి నుంచి కోటలా మొరటుగా కనిపించే ఆ చర్చిలో అడుగుపెడితే, నేలంతా రంగురంగుల పాలరాళ్లు పొదిగిన నైట్ల సమాధులే. పైకప్పు మీద మత్తియా ప్రేతి వేసిన చిత్రాలు. పక్కనున్న ప్రార్థనామందిరంలో 1608లో కారవాజ్జో గీసిన 'సెయింట్ జాన్ శిరచ్ఛేదం' ఉంది. అయిదు మీటర్లకు పైగా వెడల్పున్న ఆ చిత్రాన్ని ఏ చోటు కోసం గీశాడో ఆ చోటే నేటికీ చూడొచ్చు. ఆయన సంతకం చేసిన చిత్రం అదొక్కటే. ఆ సంతకం కూడా నేల మీద పారుతున్న నెత్తుటితో చేసినట్టు గీశాడు. రోమ్‌లో హత్య చేసి పారిపోయివచ్చిన మనిషి, మాల్టాలో నైట్ అయ్యాడు. అదే ఏడు గొడవలో ఇరుక్కుని బిర్గులోని సెయింట్ ఏంజెలో కోటలో ఖైదై, అక్కడి నుంచీ తప్పించుకున్నాడు. ఆ చిత్రం ముందు ఒక గంట కూర్చోమని చెప్పాను.

మధ్యాహ్నం పన్నెండుకు అప్పర్ బరాక్కా తోట కింద ఫిరంగి పేలుస్తారు. ఒకప్పుడు రేవులోని ఓడలు ఆ మోతతోనే గడియారాలు సరిచూసుకునేవి. అది విని, ఆకలి తీర్చుకోవడానికి పాస్తిత్సీ తినొచ్చు. పొరలు పొరలుగా విచ్చుకునే పిండిలో బఠాణీ ముద్దో, రికోటా జున్నో కూరి కాలుస్తారు. శాకాహారులు మాత్రం పిండిలో పంది కొవ్వు కలిపారేమో అడిగి కొనుక్కోవాలి. సాయంత్రం మళ్లీ ఆ తోటకే రావాలి. పడమటి ఎండ అవతలి ఒడ్డు మీద పడి బిర్గు, దాని పక్కనున్న సెంగ్లియా రాళ్లు తేనెరంగు తేలతాయి.

ఆదివారం ఉదయం ఆ ఎండ లెక్క తిరగబడుతుంది. బరాక్కా లిఫ్టులో రేవుకు దిగి, పడవలో బిర్గుకు దాటితే, తూర్పు వెలుగులో వాలెట్టా గోడలు మొత్తం ఎదురుగా నిలుస్తాయి. ముట్టడి కాలంలో వాలెట్ ఇక్కడి నుంచే చూసిన గుట్ట అది. అప్పుడది బోడిగుట్ట. నిన్న చూసిన చిత్రాన్ని గీసినవాడు ఖైదున్న కోట కూడా ఇక్కడే. రెండు రోజులకూ దారం ఒక్కటే అయిందన్నమాట. చోట్లు తక్కువైనా కథ ఒక్కటైతే చూసినదంతా మనసులో నిలుస్తుంది.

"బ్లూ లగూన్ వదిలేస్తే ఎలా పిన్నీ? మాల్టా అంటే అందరూ పెట్టే ఫొటో అదేగా!" అని మా పిల్ల బెంగపడింది. అది కొమీనో దీవిలో ఉంది. మాల్టా ద్వీపం ఉత్తరపు కొసదాకా బస్సు, అక్కడి నుంచి పడవ, మళ్లీ తిరుగు ప్రయాణం. రెండు రోజుల్లో ఒక రోజు దానికే చెల్లు. హాల్ సాఫ్లీనీ భూగర్భ సమాధులకైతే గంటకు పదిమందినే పంపుతారు, చాలా ముందుగా టికెట్ తీసుకోవాలి. ఇవన్నీ మరో ప్రయాణానికి సరిపోయేవి. ఆ మాట నచ్చజెప్పడానికి కొంత సేపు పట్టింది. శనివారం పాస్తిత్సీ తిన్నాక సాయంత్రం దాకా మాత్రం ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచాను. వాలెట్టా అడ్డవీధుల్లో చాలా కూడళ్లలో నిలబడితే కొసన సముద్రం కనిపిస్తుంది. చెక్క బాల్కనీల కింద ఊరికే తిరగడానికి ఆ పూట కావాలి.

ఒక వరస మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. చాలామంది చవగ్గా దొరికిందని ముందు విమానం టికెట్ కొంటారు, తర్వాత ఊరు గురించి చదువుతారు. అలా శనివారం సాయంత్రం దిగితే, ఆదివారం మూసి ఉన్న చర్చి తలుపు చూసి తిరిగి రావాలి. ముందు మీకు ప్రాణమనిపించే ఒక్క విషయం ఎంచుకోండి. అది తెరిచి ఉండే రోజు, వేళ కనుక్కోండి. వీసా సంగతి చూసుకోండి. జర్మనీలో నివాస అనుమతి ఉన్న మనవాళ్లకు మాల్టాకు వేరే వీసా అక్కర్లేదు. లండన్, డబ్లిన్‌లలో ఉండే భారత పౌరులకు షెంగెన్ వీసా కావాలి. విమానం టికెట్ కొనేది ఇవన్నీ తేలాకే.