మాట లేని బ్రహ్మానందం

1987 జూన్‌లో అమెరికాలో కంప్యూసర్వ్ అనే కంపెనీ జిఫ్ ఫైళ్ళను లోకానికి పరిచయం చేసింది. అదే ఏడాది నవంబరులో జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ విడుదలైంది. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం అనే లెక్చరర్ అందులో అరగుండు వేషం వేసి ఊరూరా తెలిసిపోయారు. అప్పట్లో ఈ రెండు సంగతులకూ ఏ చుట్టరికమూ లేదు. చాలా ఏళ్ళ తర్వాత సెల్‌ఫోను వచ్చి వియ్యం కలిపింది.

ఇప్పుడు ఏ ఇంటి వాట్సాప్ గ్రూపు తెరిచినా ఆ చుట్టరికం కనబడుతుంది. బావగారు కొత్త కారు ముందు నిలబడి ఫొటో పెడతారు. పెద్దమ్మ రెండు చేతులు జోడించిన బొమ్మ పంపుతుంది. బాబాయి ‘కంగ్రాట్స్’ అంటాడు. బావమరిది మాత్రం ఏమీ రాయడు. ఓరకంట చూస్తూ పెదవి బిగబట్టిన బ్రహ్మానందం స్టిక్కరు ఒకటి వదిలి ఊరుకుంటాడు. అది మెచ్చుకోలా, కుళ్ళా, ‘ఈఎమ్ఐ ఎంత బావా?’ అనే ఆరానా? ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకోవచ్చు. బావగారికి కోపం వచ్చినా ఏమనడానికీ వీల్లేదు, అక్కడ మాటంటూ ఉంటే కదా!

ఈ స్టిక్కర్లు వాట్సాప్‌లోకి 2018 అక్టోబరులో వచ్చాయి. కంపెనీ పెట్టిన కొలతలు కచ్చితమైనవి. బొమ్మ 512 పిక్సెళ్ళ పొడవు, అంతే వెడల్పు ఉండాలి. కదలని స్టిక్కరైతే 100 కేబీ దాటకూడదు. వెనకభాగం పారదర్శకంగా ఉండాలి. ఒక ప్యాక్‌లో కనీసం 3, ఎక్కువలో ఎక్కువ 30. ఈ లెక్కలు ఎవరైనా పదినిమిషాల్లో నేర్చుకుంటారు. అసలు పనితనం ఫ్రేము ఏరుకోవడంలో ఉంది.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 2004లో శ్రీను వైట్ల తీసిన ‘వెంకీ’లో రైలు ఘట్టాన్నే తీసుకోండి. గజాల అనే పాత్రలో బ్రహ్మానందం రవితేజ బ్యాచ్ చేతిలో పడి నానా తిప్పలూ పడతాడు. ముఖంలో కోపం మొదలవడానికీ, ఎదుటివాళ్ళ వాలకం చూసి అది జంకుగా మారడానికీ, ఆ జంకును మర్యాద కింద దాచుకోవడానికీ రెండు మూడు సెకన్లు చాలు. అంటే యాభై, డెబ్బై ఫ్రేములు. స్టిక్కరు చేసేవాళ్ళకు వాటిలో అక్కరకొచ్చేది ఒకటో రెండో. కోపం నిండుగా ఉన్న ఫ్రేము కోపానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. కోపం జంకుగా మారుతూ ఉండగా, కళ్ళు ఒకటి చెబుతూ నోరు ఇంకొకటి చెబుతుండగా పట్టుకుంటే ఆ ముఖం ఆఫీసులో అప్రైజల్‌కీ సరిపోతుంది, అత్తారింటి మర్యాదలకీ సరిపోతుంది, క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్‌కీ సరిపోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్ళు వీడియోను ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చుంటారు. తీరా దొరికిన ఫ్రేములో చెయ్యి మసకేసి ఉంటుంది. వెనకభాగం తీసేసే యాప్ ఆ పనిలో పనిగా ఒక చెవిని కూడా తీసుకుపోతుంది. చెవిని మళ్ళీ వేలితో గీసుకుంటూ తెచ్చుకోవాలి. చివర చుట్టూ 8 పిక్సెళ్ళ తెల్ల అంచు వేస్తే, చాట్ రంగు నలుపైనా తెలుపైనా బొమ్మ తేటగా కనిపిస్తుంది.

సినిమాతో జవాబు చెప్పడం తెలుగువాళ్ళకు సెల్‌ఫోను నేర్పిన విద్య కాదు. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక ‘అసమదీయులు’, ‘వీరతాడు’ లాంటివి పింగళి నాగేంద్రరావు కాగితాల్లోంచి నేరుగా ఇళ్ళలోకి వచ్చేశాయి. మనవడు ఫస్టు మార్కు తెస్తే వీరతాడు వేసే తాతయ్యలు ఇప్పటికీ ఉన్నారు. 1977లో ‘దానవీరశూర కర్ణ’ వచ్చినప్పుడైతే కొండవీటి వెంకటకవి సంభాషణలు రికార్డులుగా, ఆపైన క్యాసెట్లుగా అమ్ముడుపోయాయి. పెళ్ళిపందిట్లో మైకు పెడితే పాటల మధ్య దుర్యోధనుడు గర్జించాల్సిందే. బొమ్మ లేకపోయినా లోటు తెలిసేది కాదు, గొంతే సినిమా.

స్టిక్కరు దీన్ని తలకిందులు చేసింది. గొంతు తీసేసి ముఖం మిగిల్చింది. అలా చేస్తే పాత మహామహులు కొందరు ఈ ఆటలో వెనకబడతారు. ఎన్టీఆర్ దుర్యోధనుణ్ణి స్టిక్కరు చేసి చూడండి. కిరీటం, మీసం, గద అన్నీ ఉంటాయి. సమాసాల జోరు లేక ఆయన కాలెండరు బొమ్మలా నిలబడిపోతాడు. హీరోల ముఖాలతో ఇంకో చిక్కుంది. అవి ఎప్పుడూ సర్దుకుని ఉంటాయి. ఏ ఫ్రేములో ఆపినా పోస్టరే. హాస్యనటుడి ముఖానికి ఆ జాగ్రత్త లేదు, చెదిరిపోవడమే దాని పని. ‘మన్మథుడు’లో లవంగం, ‘దూకుడు’లో పద్మశ్రీ, ‘రేసుగుర్రం’లో కిల్‌బిల్ పాండే ముగ్గురూ ఒకే మనిషి, అయినా ముగ్గురి బిక్కమొహాలూ మూడు రకాలు. హిందీలోకి డబ్ అయిన సినిమాల పుణ్యమా అని తెలుగు ముక్క రానివాళ్ళూ వీటిని వాడేస్తున్నారు. డబ్బింగ్‌లో గొంతు ఎలాగూ మారిపోయింది, ముఖానికి డబ్బింగ్ అక్కర్లేదు.

అలాంటి ముఖం మీద అక్షరాలు అతికించేవాళ్ళను చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. డైలాగు తెలిసినవాడికి ఆ అక్షరాలు అనవసరం, తెలియనివాడికి అర్థం కావు. పైగా తొంభై పాళ్ళు ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగు, అందులో ‘ల’కూ ‘ళ’కూ తేడా ఉండదు. రాయక తప్పదనుకుంటే తెలుగు లిపిలో రాయండి. ఫోనులో కీబోర్డు ఉంది, ఫాంట్లు బోలెడున్నాయి.

ఇంకో నష్టం కూడా జరుగుతోంది. ‘అహ నా పెళ్ళంట’లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఆ బొమ్మ నెలాఖరు రోజుల్లో వందల ఫోన్లకు వెళుతుంది. పంపే కుర్రాళ్ళలో చాలామంది సినిమా చూసి ఉండరు. రెండున్నర గంటల సినిమాలో ఒక్క కోడి మిగిలింది. కోట 2025 జూలైలో పోయినప్పుడు ఆ సినిమాను కొత్తగా వెతుక్కుని చూసినవాళ్ళు ఉంటే, ఆ పుణ్యంలో కొంత ఈ స్టిక్కరుకూ దక్కాలి.

ముఖం ఎవరిదనే పేచీ కోర్టుల దాకా వెళ్ళింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 2025లో నాగార్జున కూడా అదే కోర్టు నుంచి అలాంటి రక్షణే తెచ్చుకున్నారు. బావమరిది పంపే స్టిక్కరులో వ్యాపారం లేదు కాబట్టి అతనికి వచ్చిన భయమేమీ లేదు.

తారలకు వకీళ్ళున్నారు, ఇంట్లో తాతయ్యకు లేరు. ఇప్పుడు వాట్సాప్‌లో ఏ ఫొటోనైనా అక్కడికక్కడే కత్తిరించి స్టిక్కరు చేసుకోవచ్చు. మధ్యాహ్నం పడక్కుర్చీలో నోరు తెరిచి నిద్రపోయే పెద్దాయన ముఖం సాయంత్రానికల్లా నాలుగు గ్రూపులు తిరుగుతుంది. ఆయన కెమెరా ముందు వేషం వెయ్యలేదు, పారితోషికమూ పుచ్చుకోలేదు. అలాంటి స్టిక్కరు చేసినవాళ్ళు గ్రూపులోకి వదిలే ముందు ఆయనకే చూపించండి. నవ్వితే పంపండి, వద్దంటే డిలీట్ చేసేయండి.